ఎనభై తొమ్మిది చాలు

చిన్న మేస్త్రి చేతులకు ఊరికే ఉండటం చేతకాదు. క్షవరానికి వెళ్ళి కూర్చుంటే ఆ కుర్చీకి వదులైన నట్టు ఎక్కడుందో వెతుకుతాయి. బస్సెక్కితే కిటికీ రేకు టకటకమనకుండా ఓ తీగముక్క చుట్టిగానీ దిగవు. చుట్టాలింటికి వెళ్తే కిర్రుమనే తలుపును రెండుసార్లు ఊపి, నూనె అడిగి, ఇంటివాళ్ళు సిగ్గుపడేదాకా వదలవు. అలాంటి మనిషిని ఆసుపత్రి వార్డులో అన్న మంచం పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, "మీరేం చెయ్యక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండండి చాలు" అన్నారు. కనిపెట్టుకుని ఉండటమంత కష్టమైన పని ఇంకోటి లేదని అతనికి అప్పటిదాకా తెలియదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే వెల్డింగ్ షాపు. అన్న పెద్ద మేస్త్రి, తమ్ముడు చిన్న మేస్త్రి. తల నెరిసినా తమ్ముడి పేరులో చిన్నతనం పోలేదు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగ్, పాత ఇనుము కోత, ఏదైనా సరే ముందు అన్న కన్ను పడాలి, తర్వాత తమ్ముడి చెయ్యి పడాలి. గ్యాసు మంట పట్టుకోవడం నేర్పింది అన్నే. నేర్పడమంటే ముద్దుచేసి నేర్పడం కాదు. మంట సరిగ్గా లేకపోతే వెనకనుంచి నెత్తిమీద ఒక్కటి పడేది. అది పడితే సరిచేసుకోవాలి, అంతే. మాటలతో పనిలేదు.

ఆ షాపు పొగలో కొన్నాళ్ళు, నోట్లో సిగరెట్టు పొగతో ఇంకొన్నాళ్ళు, రెండూ కలిసి చాలా ఏళ్ళు పెద్ద మేస్త్రి ఊపిరితిత్తులను తినేశాయి. రెండేళ్ళుగా మెట్లెక్కడం మానేశాడు. ఆరునెలలుగా పడుకోవడం మానేశాడు. మంచం అంచున కూర్చుని, మోకాళ్ళమీద మోచేతులు ఆనించి, తల వంచుకుని తెల్లారేదాకా గాలి కోసం కుస్తీ పట్టేవాడు. ఈసారి దగ్గుకు జ్వరం తోడై మాట కూడా ముక్కలుముక్కలుగా వస్తుంటే, షాపు వ్యాన్లో ఇనపచువ్వలు కిందికి దించేసి, పరుపు వేసి, ఆయన్ను తీసుకొచ్చి ఇక్కడ చేర్చారు.

వార్డు పొడుగ్గా ఉంది. మంచాలు రెండు వరసలు. ప్రతి మంచం తలవైపు గోడకు ఒక ఆక్సిజన్ గొట్టం, దాని ముందు నిలువుగా అంకెలు గీసిన ఓ గాజు గొట్టం, అందులో చిన్న గోళీ, కింద నీళ్ళ సీసా. నాబ్ తిప్పితే గోళీ పైకి లేస్తుంది, సీసాలో బుడగలు వస్తాయి. సీసాలోంచి సన్నని ట్యూబు వచ్చి పెద్ద మేస్త్రి ముక్కు దగ్గర రెండు పిలకలుగా చీలింది. వేలికి బట్టల క్లిప్పులాంటిది ఒకటి పెట్టారు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో పక్కనున్న బుల్లి తెరమీద అంకె పడుతుంది.

చిన్న మేస్త్రికి వార్డులో ప్రాణం లేచొచ్చింది ఆ గోడ దగ్గరే. మిగతావన్నీ తెలియని వస్తువులు. ఇది మాత్రం తనది. రెగ్యులేటరు, వాల్వు, గొట్టం, గాలి. రోజూ షాపులో పొద్దున్నే తెరిచేది ఇదే ఆక్సిజను, కాకపోతే అక్కడ నల్ల సిలిండర్లో ఉంటుంది.

అంకె ఎనభై తొమ్మిది.

"ఎంతుందిరా?" అన్నాడు పెద్ద మేస్త్రి మొదటిరోజు, ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"ఎనభై తొమ్మిది."

"నూటికా?"

"నూటికే."

"బళ్ళో ముప్ఫై దాటలేదు నేను. ఫస్టు క్లాసు వచ్చిందిరా." అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఆగేసరికి ఆయన వీపు రాసిరాసి వదిన అలిసిపోయింది.

అక్కడితో సరిపోయేదే. కానీ పక్క మంచం మీద ఓ లెక్కల మాస్టారు ఉన్నాడు. రిటైరై చాలా కాలమైనా అంకె కనబడితే దాన్ని పక్క అంకెతో పోల్చకుండా ఉండలేడు. ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము. నోరూ ముక్కూ కప్పేసే పెద్ద మాస్కు పెట్టారు. ఆయన గోడమీద గోళీ దాదాపు పైకొసన ఉంటుంది, సీసాలో నీళ్ళు కుతకుతలాడుతుంటాయి, అంకె తొంభై ఏడు. మాస్కు ఎత్తి మరీ అడిగాడు.

"మీ అన్నగారికి ఇంకా ఎనభై తొమ్మిదేనా?"

"అంతేనండి."

"తొంభై అన్నా దాటాలే." అని మాస్కు పెట్టేసుకున్నాడు. అంత మాట అనేసి మాస్కు పెట్టుకుంటే ఇక ఆ మనిషితో వాదించడానికి కూడా లేదు.

మందుల ట్రాలీ తోసుకుంటూ సిస్టర్ వచ్చినప్పుడు చిన్న మేస్త్రి అడిగాడు. "అమ్మా, మా అన్నయ్యకి గాలి కొంచెం పెంచకూడదా? పక్కాయనకి చూడండి, ఎంత పెట్టారో."

"ఈయనకి ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు మధ్య ఉంటే చాలు బాబూ. ఎక్కువ పెట్టకూడదు. అది ముట్టుకోకండి." ఆమె చేతిలో మాత్రలున్నాయి, వెనకాల ఎవరో పిలుస్తున్నారు. ఎందుకు పెట్టకూడదో చెప్పే తీరిక లేదు. అతను అడగనూ లేదు. 'చాలు' అన్న మాట మాత్రం పట్టుకున్నాడు. లేనివాడికి ఆ మాట ఎన్నోసార్లు చెబుతుంది లోకం. అతను విన్నంతవరకూ ఎదుటివాడికి ఇవ్వడం ఇష్టంలేనప్పుడే చెబుతుంది.

"పెట్టేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అన్నాడు వదినతో, సిస్టర్ వెళ్ళాక. "ఇక్కడ మనవాడెవడూ లేడు వదినా."

వచ్చినప్పట్నుంచీ వదిన సరిగ్గా తిన్నది లేదు, పడుకున్నది లేదు. "ఆయన ఒక్క గంట కునుకు తీస్తే చాలు చిన్నా" అంది కాసేపటికి. "నాకింకేం వద్దు. ఒక్క గంట."

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ అయిపోయింది. వార్డు కాస్త మాటు మణిగింది. ఆ చివర కొత్తగా ఎవరినో తెచ్చారు, సిస్టర్లంతా అక్కడే ఉన్నారు. పెద్ద మేస్త్రి మంచం అంచున కూర్చుని ఎప్పటిలాగే గాలి లాగుతున్నాడు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. పెదాలూ అదే రంగు. అంకె ఎనభై తొమ్మిది నుంచి ఎనభై ఎనిమిదికి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది.

చిన్న మేస్త్రి ఆ పెదాలను చూస్తున్నాడు. మంట గురించి తెలిసినవాడికి ఆ రంగు ఏం చెబుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆక్సిజను తక్కువైతే మంట పసుప్పచ్చగా, సోమరిగా, మసి కక్కుతూ ఊగుతుంది. నాబ్ కొంచెం తిప్పితే చాలు, మసి పోతుంది, మంట కుదురుగా నిలుస్తుంది, పని మొదలవుతుంది. బతుకంతా అతను చేసింది అదే. అన్న వగరుస్తూ కూర్చున్నాడు, మసి కనిపిస్తోంది, నాబ్ చేతికందే దూరంలో ఉంది.

లేచి నిలబడ్డాడు. వదిన అతన్ని చూసి, తర్వాత తలుపు వైపు చూసింది. ఎవరైనా వస్తున్నారేమోనని చూడటమే అది, వద్దనడం కాదు.

తిప్పాడు. గోళీ గాజు గొట్టంలో సగందాకా లేచింది. సీసాలో బుడగలు గలగలమన్నాయి. ఎన్నాళ్ళకో ఒక పని చేసినట్టుంది చేతికి. ఇంకొంచెం తిప్పాడు. అంకె తొంభై ఒకటైంది, తొంభై నాలుగైంది, కాసేపటికి తొంభై ఎనిమిది దగ్గర నిలబడింది. మాస్టారు మాస్కు ఎత్తి, "శభాష్, ఇప్పుడు పాసయ్యారు" అన్నాడు.

అన్న గోళ్ళ నీలం కరిగిపోయింది. పెదాలు ఎర్రబడ్డాయి. ఎగశ్వాస తగ్గింది. మోకాళ్ళమీదనుంచి మోచేతులు జారాయి. "హాయిగా ఉందిరా" అన్నాడు, ఆ మాట పూర్తిగా, మధ్యలో ఆగకుండా. వదిన దిండ్లు సర్ది వెనక్కి వాల్చింది. వాలిపోయాడు. కాసేపటికి గురక మొదలైంది.

ఆరునెలల్లో మొదటిసారి పెద్ద మేస్త్రి వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీ చెయ్యి చల్లగా ఉండ చిన్నా" అంది. తెచ్చుకున్న డబ్బా విప్పి, మంచం కాళ్ళవైపు కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిన్నది. అతను కింద క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగాడు. షాపులో పనివాడికి ఫోన్ చేసి, స్కూలు గేటు కడ్డీలు కొలత చూసి కొయ్యమని చెప్పి, "అన్నయ్య నిద్రపోతున్నాడు" అని అదో విశేషంలా చెప్పాడు. అది విశేషమే. తిరిగొచ్చేసరికి గురక ఇంకా నిండుగా వినబడుతోంది. "లేపకు" అని వదిన నోటిమీద వేలు పెట్టింది. ఇద్దరూ ఆ గురక వింటూ కూర్చున్నారు. అంత సంతోషంగా వాళ్ళిద్దరూ కూర్చుని చాలాకాలమైంది.

ఆ గురక ఎప్పుడు మారిందో వాళ్ళకు తెలియలేదు. తెలిసే అవకాశమూ లేదు. దగ్గరున్నవాళ్ళకు కావలసిందే వినబడుతుంది.

సాయంత్రం మాత్రలు పట్టుకొచ్చిన సిస్టర్, "మేస్త్రిగారూ" అని పిలిచింది. పలకలేదు.

"పాపం, ఇప్పుడే పట్టింది నిద్ర, కాసేపాగి వేస్తారా?" అంది వదిన.

సిస్టర్ భుజం తట్టింది. తర్వాత కుదిపింది. తర్వాత పిడికిలితో రొమ్ము ఎముకమీద గట్టిగా రుద్దింది. పెద్ద మేస్త్రి మొహం చిట్లించి, మళ్ళీ వదిలేశాడు. ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. ఆమె తలెత్తి గోడ చూసింది. గోళీ చూసింది. ఆమె నాబ్ పట్టుకుని గోళీని కొంచెం కొంచెంగా, అంకె మీదనుంచి కన్ను తియ్యకుండా కిందికి దించుతూ, డాక్టరమ్మ కోసం కేక వేసింది.

డాక్టరమ్మ వచ్చింది. మణికట్టులోంచి రక్తం తీసి పరీక్షకు పంపింది. ఆ రక్తం ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. ఇంత ఎర్రటి రక్తం ఉన్న మనిషికి ఏమవుతుందిలే అనుకున్నాడు చిన్న మేస్త్రి. కాసేపటికి చీటీ వచ్చింది. అది చదివి డాక్టరమ్మ సిస్టర్ వైపు తిరిగింది.

"ఎంత మీద పెట్టావు?"

"ఒకటి మీదే మేడమ్. పొద్దున కూడా చూశాను."

"మరి గోళీ ఆరు దాటి ఉందన్నావే, ఎట్లా పోయింది?"

డాక్టరమ్మ ఇంటివాళ్ళ వైపు చూసింది. "ఎవరన్నా ముట్టుకున్నారా దీన్ని?"

"మాకేం తెలుసమ్మా అవన్నీ" అంది వదిన. ఆమె అబద్ధాల మనిషి కాదు. ఆ అబద్ధం ఆమె నోటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియనట్టు, అనేసి నోరు తెరుచుకునే ఉండిపోయింది. మాస్టారు మాస్కులోంచి పైకప్పును చూస్తున్నాడు. ఇప్పుడు ఆయనకు ఏ అంకెతోనూ పనిలేదు.

చిన్న మేస్త్రికి అప్పుడు కొత్తగా ఉంది. వెల్డింగ్ చేసేటప్పుడు మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకుంటారు. పెట్టుకుంటే లోకమంతా చీకటి, ఎక్కడో ఒక్క చుక్క మాత్రం కనిపిస్తుంది. ఎవరో ఆ అద్దం తెచ్చి మొహానికి దించినట్టయింది. భయం వెయ్యలేదు. ఏడుపు రాలేదు. సిస్టర్ చేతిలో మాత్రల గిన్నె వణకడం మాత్రం కనిపిస్తోంది. ఆ గిన్నె వణుకు ఆపాలని అనిపించింది, వదులైన నట్టును బిగించాలని అనిపించినట్టే.

"నేనే తిప్పానండి" అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. "ఎప్పుడు?" అంది.

"మధ్యాహ్నం. భోజనాలయ్యాక."

"అప్పట్నుంచీ అంతే ఉందా?"

"అంతే ఉంది."

ఆమె అదీ రాసుకుంది. అప్పుడు చెప్పింది, రాస్తూనే, ఎవరికో దారి చెప్పినట్టు. "మనం పీల్చిన గాలిలో మంచిది లోపలికి పోవాలి, చెడ్డది బయటికి రావాలి. మీ అన్నగారి ఊపిరితిత్తులు పాడై ఆ చెడ్డది ఎప్పుడూ కొంత లోపల మిగిలిపోతుంటుంది. తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకురావడం ఒంటికి అలవాటైంది. అలాంటివాళ్ళకి ఒక్కసారిగా ఎక్కువిస్తే ఆ చెడుగాలి బయటికి పోవడం ఇంకా తగ్గుతుంది. లోపలే పేరుకుని మెదడుకి మత్తెక్కిస్తుంది. పక్కాయన జబ్బు వేరు, ఈయన జబ్బు వేరు. ఈయన పడుకున్నది నిద్ర కాదు."

"ఇప్పుడేమవుతుంది?" అని వదిన అడిగింది.

"మిషనుతో గాలి కొట్టి లోపలిది బయటికి తోయిస్తాం. తెలివొస్తే సరే. రాకపోతే గొంతులో గొట్టం వెయ్యాలి. ఈ ఊపిరితిత్తులకి ఒకసారి వేస్తే మళ్ళీ తియ్యగలమని చెప్పలేను." ఆమె పెన్ను జేబులో పెట్టుకుంది. "ఇకమీదట దాన్ని ముట్టుకోకండి" అంది చిన్న మేస్త్రితో. అతను తలూపాడు.

మిషను వచ్చింది. మొహం మొత్తం పట్టే మాస్కును తలచుట్టూ పట్టీలతో బిగించారు. మిషను గాలిని లోపలికి కొడుతోంది, వదులుతోంది, కొడుతోంది. పెద్ద మేస్త్రి రొమ్ము దాని తాళానికి లేచి పడుతోంది. మంచం చుట్టూ తెర లాగారు. వదిన, మరిది వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

ఎదురుగా గోడకు నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు తగిలించి ఉంది. చిన్న మేస్త్రి దాని బిగింపు పట్టీ చూశాడు. ఒక స్క్రూ లేదు. చూసి ఊరుకున్నాడు. చేతులు లేవలేదు.

అన్న నేర్పింది గుర్తొచ్చింది. గుర్తు రావలసిన వేళ రాకుండా ఇప్పుడు తీరిగ్గా వచ్చింది. మసిమంట తర్వాతి పాఠం. కొత్తలో, మసి పోగొట్టాలన్న ఆత్రంతో ఆక్సిజన్ నాబ్ ఎక్కువ తిప్పేవాడు. మంట నీలంగా, సూదిలా, బుస్సుమంటూ చూడ్డానికి గొప్పగా ఉండేది. నెత్తిమీద దెబ్బ పడేది. "గాలి తక్కువైతే మసి, ఎక్కువైతే మాడు" అనేవాడు అన్న. "ఆ నీలం చూసి మురిసిపోకు. కింద ఇనుము కాలిపోతోంది చూడు." నిజంగానే ఇనుము నిప్పులు చిమ్ముతూ పొక్కి, గుల్లబారి ఉండేది. ఆ అతుకు తర్వాత బరువు మొయ్యదు. షాపులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ మాట తనే చెబుతాడు. తన అన్న వాక్యమే, తన అన్న గొంతుతోనే.

తెలియక చేశాననడానికి కూడా లేదు. తెలిసిందే మరిచిపోయి చేశాడు. ఇది తలుచుకుంటే గుండె పగలాలి. పగల్లేదు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఇంకెవరి వస్తువో చూసినట్టు. లోపల ఎక్కడా చప్పుడు లేదు.

"తిప్పుతుంటే నేను చూస్తూనే ఉన్నాగా" అంది వదిన.

అతను గోడమీద ఎర్ర సిలిండరునే చూస్తున్నాడు.

"తలుపు కూడా చూశాను, ఎవరన్నా వస్తారేమోనని." మళ్ళీ తనే అంది, "అన్నం కూడా తిన్నాను, చిన్నా. అంతా తిన్నాను."

బెంచీ కింద చీమలు వరసగా పోతున్నాయి. ఇద్దరూ వాటిని చూస్తూ కూర్చున్నారు.

సిస్టర్ డ్యూటీ దిగే టైము ఎప్పుడో దాటిపోయింది. ఆమె వెళ్ళలేదు. తెర సందులోంచి వచ్చి, "కళ్ళు తెరిచారు. పేరు అడిగితే చెప్పారు" అంది. వదిన లేచి వార్డు గుమ్మందాకా వెళ్ళి నిలబడింది. చిన్న మేస్త్రి "మంచిదమ్మా" అన్నాడు. సిస్టర్ అతన్ని ఒక క్షణం చూసింది. "ఎందుకు వద్దన్నామో నిన్ననే చెప్పాల్సింది నేను" అంది. అని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. గండం గడిచిందని అతనికి తెలుసు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. అదీ రాలేదు.

మర్నాడు పొద్దున ఆమె వార్డులోకి వస్తూనే ట్రాలీ పక్కన పెట్టి, మంచం మంచానికీ వెళ్ళి దగ్గరున్నవాళ్ళను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికి ఎంత ఉండాలో, ఎందుకు ఉండాలో, పక్కవాళ్ళ అంకెతో ఎందుకు పోల్చకూడదో. "నిన్న ఒకాయన ఇట్లాగే ప్రేమతో పెంచేశారు. మనిషి చెయ్యి దాటిపోయేవాడు" అంటోంది. వాళ్ళు అయ్యో అంటున్నారు. ఆ ఒకాయన నాలుగు మంచాల అవతల స్టూలు మీద కూర్చుని అదంతా వింటున్నాడు. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు అతనికి.

పెద్ద మేస్త్రికి పొద్దెక్కాక మిషను మాస్కు తీసి, మళ్ళీ ముక్కు పిలకలు పెట్టారు. గోళీ అడుగున ఉంది. సీసాలో అప్పుడొకటి ఇప్పుడొకటి బుడగ. పట్టీల అచ్చులు చెంపలమీద ఎర్రగా పడ్డాయి. మళ్ళీ మంచం అంచున కూర్చుని, మోకాళ్ళమీద మోచేతులు ఆనించి, తల వంచి, గాలి లాగుతున్నాడు. గోళ్ళు మళ్ళీ నీలం. వదిన మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

"ఎంతుందిరా?"

"ఎనభై తొమ్మిది."

పెద్ద మేస్త్రి ఈసారి ఫస్టు క్లాసు మాట ఎత్తలేదు. కాసేపు గాలి కూడదీసుకున్నాడు.

"నిన్న తిప్పావే... అట్లా ఒక్కసారి తిప్పరా."

చిన్న మేస్త్రి అన్నవైపు చూశాడు.

"ఎంత హాయిగా ఉందో. ఇన్నాళ్ళకి... కంటినిండా నిద్రపోయాను. కల కూడా... రాలేదు."

"అది నిద్ర కాదు అన్నయ్యా."

"మరి?"

"గాలి ఎక్కువైంది. నేనే ఎక్కువ చేశాను. మళ్ళీ లేవవనుకున్నారు." ఇంకా ఏదో చెప్పాలి. క్షమించమనాలేమో. "నీ లోపలకి ఎక్కువ పడదంట. ఇంతే చాలంట."

పెద్ద మేస్త్రి తల వంచుకునే విన్నాడు. ఊపిరి తీశాడు, వదిలాడు. వదలడానికే ఎక్కువసేపు పట్టింది.

"ఎక్కువైతే మాడు" అన్నాడు మెల్లగా.

"ఆ."

"ఇన్నేళ్ళు... నెత్తిన కొట్టి చెప్పాను కదరా."

"చెప్పావు."

చెయ్యెత్తాడు పెద్ద మేస్త్రి. ఆ చెయ్యి తమ్ముడి నెత్తిదాకా రాలేదు. మధ్యలో అలిసిపోయి మంచం పట్టీమీద పడింది. చిన్న మేస్త్రి తల కొంచెం ముందుకు వంచి కూర్చున్నాడు, ఒకవేళ అందుతుందేమోనని. అందలేదు.

విషయం తెలిశాక అయిపోవాలి. పుస్తకాల్లోనైతే అయిపోతుంది. కానీ ఊపిరి ఆడని మనిషికి తెలివి ఒకవైపు, గాలి ఒకవైపు. ఆ రెంటిలో గాలే గెలుస్తుంది. కాసేపటికి పెద్ద మేస్త్రి మళ్ళీ తలెత్తాడు.

"కొంచెం. గోళీ... కొంచెం పైకి. ఎక్కువొద్దు. నీకు తెలుసు కదా... ఎంత తిప్పాలో."

"వద్దు అన్నయ్యా."

"నేనే చెబుతున్నా కదా. నేను... నేర్పినవాణ్ణి చెబుతున్నా. తిప్పు."

బతుకులో అన్న మాట కాదన్నది లేదు. అడ్డంగా కొయ్యమంటే అడ్డంగా కోశాడు, నిలువుగా కొయ్యమంటే నిలువుగా కోశాడు. నాబ్ అదే దూరంలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. అతని కుడిచెయ్యి మోకాలి మీదనుంచి తనంతట తనే లేచింది, అలవాటైన పశువు కొట్టంవైపు నడిచినట్టు. దాన్ని చూశాడు. ఆపి, తొడ కింద పెట్టుకున్నాడు. ఎడమచేతిని రెండో తొడ కింద పెట్టుకున్నాడు. స్టూలు చెక్కకు వేళ్ళు నొక్కుకున్నాయి.

"ఒరేయ్."

"ఎనభై తొమ్మిది ఉంది అన్నయ్యా. చాలు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎక్కడో విన్నట్టుంది. 'చాలు' అని ట్రాలీ తోసుకుంటూ వెళ్ళినామె గొంతు అది. ఇవ్వడం ఇష్టంలేనివాళ్ళే ఆ మాట అంటారనుకున్నాడు మొన్న.

పెద్ద మేస్త్రి మరి అడగలేదు. తమ్ముడి చేతులు ఎక్కడున్నాయో చూశాడు. తర్వాత మొహం చూశాడు, దాహం అడిగితే తలుపేసుకున్న ఇంటివాణ్ణి చూసినట్టు. చూసి, తల వంచుకుని, గాలి లాగడంలో పడిపోయాడు.

నిన్న సాయంత్రం నుంచి చిన్న మేస్త్రికి ఏదీ తగల్లేదు. డాక్టరమ్మ మాటా తగల్లేదు, అన్న బతికాడన్న కబురూ తగల్లేదు. ఆ చూపు తగిలింది. కళ్ళు మసకబారి అంకె కనిపించలేదు. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యకుండా అలాగే కూర్చుని, అన్న ఊపిరి ఒకటి తర్వాత ఒకటి వింటున్నాడు.